ఫోన్-ఇన్ కార్యక్రమం: పాత బండి, నల్ల పొగ

యాంకర్: నమస్కారం. పాత బళ్లలో పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బ్యురేటర్ల గురించి మాట్లాడడానికి విజయవాడ ఆటోనగర్ నుంచి మెకానిక్ గారు వచ్చారు. మొదటి ఫోను పటమట నుంచి.

పటమట: నాయనా, నేను రిటైరైన లెక్కల మాస్టారిని. 1996 బుల్లెట్, మా అన్నయ్యది. ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే చాలు, ఆగిపోతుంది. వెనకాల నల్ల పొగ. లీటరుకు 35 వచ్చేది 22కి దిగింది. పొద్దున మాత్రం చోకు లేకుండానే ఒక్క కిక్కుకు అందుకుంటుంది. కొత్త కార్బ్యురేటరు కొనమంటారా?

మెకానిక్: కొనడం తర్వాత. స్పార్కు ప్లగ్గు విప్పి చూశారా? మసి పొడిగా ఉందా, జిడ్డుగా ఉందా?

పటమట: పొడే. వేలు పెడితే కాటుకలా అంటింది.

మెకానిక్: అయితే ఆయిల్ కాదు, పెట్రోలే ఎక్కువ పడుతోంది. చల్లటి ఇంజనుకు ఎక్కువ పెట్రోలు కావాలి, చోకు అందుకే; వేడెక్కాక అక్కర్లేదు. మీ బండి ఎప్పుడూ పోస్తూనే ఉంది. అందుకే పొద్దున హుషారు, ఎండెక్కాక నీరసం. ఎయిర్ ఫిల్టరు?

పటమట: కిందటి నెలే కొత్తది. అప్పుడే షాపు కుర్రవాడు జెట్లు, అదే పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల ముక్కలు, కూడా బ్రేకు తీగతో పొడిచి శుభ్రం చేశాడు.

మెకానిక్: ఏ జెట్టు? చిన్నదా, పెద్దదా?

పటమట: రెండూ.

మెకానిక్: జెట్టులో తీగ పెట్టకండి! జెట్టు ఇత్తడి. రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా పెట్రోలు లెక్క తప్పుతుంది. పెట్రోలులో నానబెట్టి గాలి కొట్టించాలి, అంతే. జెట్టు మీద నంబరు ఉంటుంది. కంపెనీ ఇచ్చిన నంబరువే రెండూ కొత్తవి వేయించండి. సిగ్నల్ దగ్గర ఆగడం చిన్న జెట్టు పని కావచ్చు.

పటమట: మరి మొత్తం కొత్త కార్బ్యురేటరే వేస్తే...

మెకానిక్: ఆ మాట వద్దు మాస్టారూ.

పటమట: సరే. ఇంకోటి, పొద్దునకు బండి కింద చిన్న మడుగు కడుతుంది. మా ఆవిడ ముగ్గు చెడిపోతోందని గొడవ.

మెకానిక్: పెట్రోలా? ఇది మొదట చెప్పవలసింది! రాత్రి పెట్రోలు ట్యాపు మూస్తారా?

పటమట: తెరిచే ఉంటుంది.

మెకానిక్: బండి ఎక్కడ పెడతారు?

పటమట: తులసికోట పక్కన.

మెకానిక్: దీపం పెడతారా అక్కడ?

పటమట: రోజూ.

మెకానిక్: ఫోను పెట్టగానే ట్యాపు మూసి, బండిని అక్కడి నుంచి జరపండి. స్టార్టు చేయకండి, తోయండి. తర్వాత కార్బ్యురేటరులోకి పెట్రోలు రాకను ఆపే ఫ్లోటు నీడిల్ విప్పించండి. దాని కొన మీద గోరు జరిపి గాడి తగులుతుందేమో చూడండి. తగిలితే నీడిల్, అది కూర్చునే సీటు రెండూ మార్చాలి. ఫ్లోటును, అంటే పెట్రోలులో తేలే బుడ్డిని, చెవి దగ్గర ఊపండి. లోపల పెట్రోలు చప్పుడైతే అదీ పోయినట్టే. చోకు ప్లంజరు అడుగున రబ్బరు ఉంటుంది, అది అరిగినా చోకు లోపల తెరిచే ఉంటుంది. ఇంజన్ ఆయిల్ వాసన చూడండి, పెట్రోలు కొడితే మార్చేయండి. ఇవన్నీ అయ్యాకే గాలి మర, అదే ఎయిర్ స్క్రూ. మెల్లగా పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్లు వదలండి. బయటికి తిప్పితే గాలి పెరుగుతుంది. వేడి ఇంజను మీద సరిచేసుకోండి.

పటమట: ఒకేసారి అన్నీ చేయించనా?

మెకానిక్: వద్దు. ఒక్కోటి మార్చి, నడిపి, ప్లగ్గు చూడండి. గోధుమరంగు వస్తే ఆపేయండి.

యాంకర్: ధన్యవాదాలు మాస్టారూ. తెనాలి నుంచి చెప్పండి.

తెనాలి: పాత చేతక్ స్కూటరండీ. తెల్లగా, నీలంగా పొగ. ఇదీ కార్బ్యురేటరేనా?

మెకానిక్: టూ స్ట్రోకు కదా, పెట్రోలులోనే ఆయిల్ కలపాలి. లీటరుకు 20 మిల్లీలీటర్ల ఆయిలే పోస్తున్నారా?

తెనాలి: కొలత లేదండీ, కాస్త ఎక్కువే పోస్తాను.

మెకానిక్: కొలిచి పోయండి, పొగ తగ్గుతుంది.

యాంకర్: గుంటూరు, త్వరగా.

గుంటూరు: మారుతి 800. కడిగించాక నల్ల పొగ మొదలైంది.

మెకానిక్: చోకు నాబు బయటికి లాగి ఉందేమో చూశారా? తుడిచేటప్పుడు చెయ్యి తగులుతుంది.

గుంటూరు: ఒక్క నిమిషం... ఉందండీ.

మెకానిక్: లోపలికి నొక్కండి. పటమట మాస్టారు వింటుంటే ఒక మాట: ట్యాపు మూసినా మడుగు కడితే ట్యాపు వాషరు పోయినట్టు. దాన్ని కూడా మార్పించండి.

యాంకర్: సమయం అయిపోయింది. నమస్కారం.