రోజర్ ట్రేనర్: ఒక్కడే రాసిన అభిప్రాయం

సభకు నమస్కారం.

గొప్ప జడ్జిల మాట వస్తే మన చూపు ఢిల్లీ వైపో వాషింగ్టన్ వైపో పోతుంది. ఈరోజు నేను ఒక రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి గురించి చెప్తాను. అమెరికాలో రాష్ట్రాలకు సొంత సుప్రీంకోర్టులు ఉంటాయి, రాష్ట్ర చట్టాల మీద వాటిదే ఆఖరి మాట. కాలిఫోర్నియాలో అలాంటి పీఠం మీద 30 ఏళ్లు కూర్చున్న మనిషి రోజర్ ట్రేనర్.

ఆయన 1900లో యూటా రాష్ట్రంలోని పార్క్ సిటీ అనే గనుల ఊళ్లో పుట్టారు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో చదివి, అక్కడే పన్నుల చట్టం బోధించారు. 1940లో గవర్నర్ కల్బర్ట్ ఓల్సన్ నియమించేనాటికి ఆయన ఏ కోర్టులోనూ జడ్జిగా పనిచేయలేదు.

నాలుగేళ్లకు ఎస్కోలా కేసు వచ్చింది. ఒక రెస్టారెంట్ వెయిట్రెస్ కోకాకోలా సీసాలను పెట్టెలోంచి తీసి ఫ్రిజ్‌లో సర్దుతోంది. నాలుగో సీసా చేతిలోనే పేలింది. అరచేతిలో అయిదంగుళాల గాయం. నరాలు, కండరాలు తెగిపోయాయి. గాజు ముక్కల్ని హోటల్ పనివాడు పారేశాడు. ఇక కంపెనీ తప్పు ఎలా రుజువు చేయాలి? అజాగ్రత్త లేనిదే సీసా అలా పేలదు కదా అన్న ఊహతో మెజారిటీ జడ్జిలు ఆమెను గెలిపించారు. ట్రేనర్ ఆ ఫలితాన్ని ఒప్పుకున్నారు, ఆ దారిని ఒప్పుకోలేదు. అజాగ్రత్త ఉందా లేదా అన్న వెతుకులాటే వద్దు, లోపమున్న సరుకు మనిషిని గాయపరిస్తే తయారీదారు బాధ్యత వహించాల్సిందే అని విడిగా రాశారు. దెబ్బ తిన్న మనిషికి ఆ ఖర్చు మోయలేని భారం. కంపెనీ అయితే ఇన్సూరెన్స్ చేయించి, ధరలో కలిపి, కొనేవాళ్లందరికీ పంచగలదు. ఎంత సూటైన తర్కమో చూడండి! ఆ రోజు దానికి ఇంకో జడ్జి సంతకం కూడా పడలేదు.

1963లో గ్రీన్‌మన్ కేసు వచ్చింది. భార్య క్రిస్మస్ కానుకగా కొనిచ్చిన చెక్కపని యంత్రంలోంచి చెక్క ఎగిరి ఒకాయన నుదుటికి తగిలింది. ఎస్కోలాలో తాను విడిగా చెప్పిన సూత్రాన్నే ఈసారి ట్రేనర్ కోర్టు తీర్పుగా రాశారు. కోర్టు మొత్తం ఆయన వెంట నిలిచింది. ఆ సూత్రం తర్వాత మిగతా రాష్ట్రాలకూ పాకింది.

నాకు అంతకన్నా ఇష్టమైనది 1948 నాటి పెరెజ్ కేసు. పెరెజ్ మెక్సికన్ సంతతి మహిళ, చట్టం లెక్కలో తెల్లజాతి. ఆమె పెళ్లాడాలనుకున్నది నల్లజాతి యువకుణ్ణి. అలాంటి పెళ్లిళ్లను కాలిఫోర్నియా చట్టం నిషేధించింది. లాస్ ఏంజెలెస్ కౌంటీ క్లర్కు పెళ్లి లైసెన్స్ ఇవ్వనన్నాడు. ఎవరి జాతిలో వాళ్లు చేసుకోవచ్చు కదా అన్న వాదానికి ట్రేనర్ జవాబు నేటికీ కదిలిస్తుంది: ఒకటి పోతే ఇంకొకటి ఎక్కడానికి మనుషులు రైళ్లు కారు. జడ్జిల 4-3 ఓట్లతో ఆ నిషేధం పోయింది. దేశ సుప్రీంకోర్టు అదే మాట 1967లో గానీ చెప్పలేదు.

తన మాట తాను మార్చుకోవడానికీ ఆయన వెనుకాడలేదు. పోలీసులు అక్రమంగా సేకరించిన సాక్ష్యం చెల్లుతుందని 1942లో తానే రాశారు. 1955లో కాహన్ కేసులో చెల్లదని తానే తీర్పు చెప్పారు. 1964లో చీఫ్ జస్టిస్ అయ్యారు, 1970లో రిటైరయ్యారు, 1983లో కన్నుమూశారు.

మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం 6వ అధ్యాయం ఉత్పత్తి బాధ్యత గురించే. లా విద్యార్థులు ఆ అధ్యాయం తెరిచే ముందు ఎస్కోలా కేసులో ట్రేనర్ రాసిన ఆ కొద్ది పేజీలు చదవాలని నా కోరిక. మెజారిటీ తీర్పు చదివి అక్కడే ఆపేయకండి, ట్రేనర్ రాసింది దాని కిందే ఉంటుంది.