పవర్‌బోట్ వేగం: ప్రొపెల్లర్ కొనే ముందు డ్రైవ్ ఎత్తు చూడాలి

[తెర మీద: ప్లేన్ అయి నీటి మీద తేలుతూ దూసుకుపోతున్న చిన్న పవర్‌బోట్, వెనుక నుంచి తీసిన దృశ్యం]

నమస్కారం. పవర్‌బోట్ వేగం పెంచాలనుకున్నవారిలో చాలామంది మొదట ఎక్కువ పిచ్ ఉన్న ప్రొపెల్లర్ కొంటారు. అది బిగించాక వేగం కొంత పెరగవచ్చు, ఒక్కోసారి తగ్గనూ వచ్చు, ఎందుకంటే ఆ ప్రొపెల్లర్ ఎంత లోతున, ఏ కోణంలో తిరుగుతోంది, దాన్ని మోస్తున్న గేర్‌కేస్ (నీటిలో ఉండే గేర్ల పెట్టె) నీటిని ఎంత కోస్తోంది అన్న ప్రశ్నలు అలాగే మిగిలిపోతాయి. నా అభిప్రాయంలో డ్రైవ్ ఎత్తు (ప్రొపెల్లర్‌ను మోసే భాగం ఎంత పైన ఉందన్నది) ముందు, ప్రొపెల్లర్ ఆ తరువాత, ఈ రెండింటికన్నా ముందు స్టీరింగ్. ఈ వరుసకు కారణాలేమిటో ఈ వీడియోలో చూద్దాం.

[తెర మీద: పిచ్, వ్యాసం గుర్తించిన ప్రొపెల్లర్ బొమ్మ]

ముందుగా కొలతలు. ప్రొపెల్లర్ మీద సాధారణంగా రెండు అంకెలు ఉంటాయి: మొదటిది వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లోనే. పిచ్ అంటే ప్రొపెల్లర్ ఏమాత్రం జారకుండా ఒక్క చుట్టు తిరిగితే ముందుకు సాగవలసిన దూరం. ఇంజిన్ నిమిషానికి 5,800 చుట్లు తిరుగుతోందని, గేర్ నిష్పత్తి 1.75 అని, పిచ్ 21 అంగుళాలు అని అనుకుందాం. అప్పుడు ప్రొపెల్లర్ నిమిషానికి సుమారు 3,314 చుట్లు తిరుగుతుంది, లెక్క ప్రకారం పడవ గంటకు 106 కిలోమీటర్లు వెళ్లాలి. జీపీఎస్ 93 చూపిస్తే ఆ తేడా సుమారు 12 శాతం. దీన్నే స్లిప్ అంటారు. తేలికైన, చురుకైన పడవల్లో స్లిప్ 10 నుంచి 15 శాతం మధ్య ఉండడం మామూలే. అది 20 దాటితే ప్రొపెల్లర్‌కు నీటి మీద పట్టు సరిపోవడం లేదని, లేదా పడవ చాలా బరువుగా ఉందని అనుమానించాలి. ఏ మార్పు చేసే ముందైనా ఈ అంకెను రాసిపెట్టుకోవాలి. అది చేతిలో లేకపోతే తరువాత కనిపించే వేగం దేనివల్ల వచ్చిందో చెప్పడం కష్టం.

ఇంజిన్ శక్తిని పెంచితే సరిపోదా అని అడిగేవారికి ఒక చిన్న లెక్క చెబుతాను. ప్లేన్ అయిన, అంటే నీటి మీదికి లేచి జారుతూ పోయే, పడవ వేగం దాదాపుగా శక్తిని బరువుతో భాగించగా వచ్చిన సంఖ్య వర్గమూలాన్ని అనుసరిస్తుంది. కాబట్టి 150 హార్స్‌పవర్ ఇంజిన్ స్థానంలో అంతే బరువున్న 180 హార్స్‌పవర్ ఇంజిన్ పెడితే, శక్తి 20 శాతం పెరిగినా వేగం పెరిగేది సుమారు తొమ్మిదిన్నర శాతమే. కొత్త ఇంజిన్‌కు అయ్యే ఖర్చు తలచుకుంటే, ఉన్న శక్తి ఎక్కడ వృథా అవుతోందో ముందు వెతకడమే సబబు అనిపిస్తుంది.

[తెర మీద: ట్రాన్సమ్‌కు, అవుట్‌బోర్డ్‌కు మధ్య జాక్ ప్లేట్, మోటార్ నెమ్మదిగా పైకి లేస్తున్న యానిమేషన్]

ఆ వృథాలో పెద్ద వాటా గేర్‌కేస్‌ది. నీటి సాంద్రత గాలి సాంద్రతకు దాదాపు 800 రెట్లు. అందువల్ల వేగంగా పోతున్న పడవలో నీటి కింద ఉన్న ప్రతి అంగుళం లోహమూ ఇంజిన్ శక్తిని మింగుతూనే ఉంటుంది. జాక్ ప్లేట్ అనే ఉపకరణం రెండు పనులు చేస్తుంది: మోటార్‌ను ట్రాన్సమ్ నుంచి, అంటే పడవ వెనుక గోడ నుంచి, కొన్ని అంగుళాలు వెనక్కి జరుపుతుంది, దాన్ని పైకి కిందికి కదిలించే వీలు కల్పిస్తుంది. పడవ దాటిపోయాక అడుగు వెనుక నీటి మట్టం కొద్దిగా పైకి లేస్తుంది కనుక, మోటార్ ఎంత వెనక్కి ఉంటే అంత ఎత్తులో పెట్టినా ప్రొపెల్లర్‌కు నీరు అందుతుంది. మామూలుగా అవుట్‌బోర్డ్ (పడవ వెనుక బయట తగిలించే మోటార్) యాంటీ వెంటిలేషన్ ప్లేట్, అంటే ప్రొపెల్లర్‌కు పైనుంచి గాలి చేరకుండా ఆపే పలక, పడవ అడుగు గీతకు సమానంగానో, ఒక అంగుళం పైనో ఉంటుంది. అక్కడి నుంచి పావు అంగుళం, అర అంగుళం చొప్పున పైకి లేపుతూ ప్రతిసారీ వేగాన్నీ ఇంజిన్ చుట్లనూ నమోదు చేయాలి. ఒక దశ వరకు రెండూ కలిసి పెరుగుతాయి. చుట్లు మాత్రమే పెరిగి వేగం నిలిచిపోయిందంటే ప్రొపెల్లర్ పట్టు కోల్పోతున్నట్టు. అప్పుడు ఒక మెట్టు కిందికి దిగాలి.

ఈ పనిలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పే మాట ఒకటుంది: నీటి ఒత్తిడి గేజ్ లేకుండా మోటార్‌ను పైకి లేపవద్దు. ఇంజిన్‌ను చల్లబరిచే నీరు గేర్‌కేస్ పక్కనున్న రంధ్రాల గుండానే లోపలికి వెళుతుంది. ఎత్తు పెరిగిన కొద్దీ ఆ రంధ్రాలు గాలి పీల్చడం మొదలుపెడతాయి. వేడి హెచ్చరిక మోగేసరికి జరగవలసిన నష్టం మొదలై ఉండవచ్చు, గేజ్ ముల్లు మాత్రం దానికి చాలా ముందే పడిపోతుంది. గంటకు సుమారు 110 కిలోమీటర్లు దాటే పడవల్లో ఇంకో సమస్య వస్తుంది. మొద్దుగా ఉన్న గేర్‌కేస్ ముక్కు పక్కల ఒత్తిడి బాగా తగ్గి నీరు ఆవిరవుతుంది. ఆ ఆవిరి తెర వెనుక ఉన్న ప్రొపెల్లర్‌ను చేరగానే తోపు హఠాత్తుగా పోతుంది, పడవ పక్కకు లాగేస్తుంది. దీన్నే బ్లోఅవుట్ అంటారు. ముక్కును సన్నగా పొడిగించి, నీటి రంధ్రాలను కిందికి, ముందుకు మార్చే నోస్ కోన్ ఆ వేగాల కోసమే. అంతకన్నా నెమ్మదిగా పోయే పడవకు దాని అవసరం లేదు.

స్టెర్న్ డ్రైవ్ (ఇంజిన్ పడవ లోపల, డ్రైవ్ ట్రాన్సమ్ బయట ఉండే ఏర్పాటు) ఉన్నవారికి ఈ సౌలభ్యం తక్కువ. అక్కడ ఎత్తు మార్చాలంటే పొట్టి లోయర్ యూనిట్ (డ్రైవ్ కింది భాగం) వాడాలి, లేదా ట్రాన్సమ్‌లో డ్రైవ్ స్థానాన్నే మార్చాలి. రెండూ వర్క్‌షాప్ పనులే.

[తెర మీద: మూడు, నాలుగు రెక్కల ప్రొపెల్లర్లు పక్కపక్కన, రెక్క వెనుక అంచు దగ్గరి దృశ్యం]

ఎత్తు కుదిరాక ప్రొపెల్లర్ ఎంపిక చాలావరకు దానంతట అదే తేలుతుంది, ఎందుకంటే లోతులో చక్కగా పనిచేసే ప్రొపెల్లర్ ఉపరితలానికి దగ్గరగా వచ్చేసరికి గాలిని లాక్కుని జారిపోతుంది. పైన పనిచేయాలంటే రెక్క వెనుక అంచున కప్ ఉండాలి, అంటే చిన్న వంపు. ఆ వంపు నీటిని ఇంకాస్త సేపు పట్టి ఉంచుతుంది, అదే సమయంలో పిచ్ పెంచినట్టుగా ఇంజిన్ చుట్లను కొంత తగ్గిస్తుంది. రెక్క వెనక్కి వాలిన కోణాన్ని రేక్ అంటారు. రేక్ ఎక్కువైతే పడవ ముందు భాగం పైకి లేస్తుంది. బరువైన ముక్కున్న పడవకు అది వరం, ఇప్పటికే ముక్కు ఎగిరిపడుతున్న పడవకు ప్రమాదం. నాలుగు రెక్కల ప్రొపెల్లర్ పడవ వెనుక భాగాన్ని పైకి లేపుతుంది, మలుపుల్లో పట్టు వదలదు, త్వరగా ప్లేన్ చేయిస్తుంది. గరిష్ఠ వేగంలో మాత్రం మూడు రెక్కలదే తరచుగా పైచేయి. అల్యూమినియం రెక్కలు భారానికి వంగుతాయి కనుక మందంగా చేయవలసి వస్తుంది, స్టెయిన్‌లెస్ స్టీల్ రెక్కలు పలుచగా ఉండి ఆకారం నిలుపుకుంటాయి. పిచ్ ఒక అంగుళం పెరిగితే ఇంజిన్ 150 నుంచి 200 చుట్లు తగ్గుతుందన్నది అందరూ వాడే అంచనా. పూర్తి థ్రాటిల్‌లో, మామూలు బరువుతో, తయారీదారు చెప్పిన చుట్ల పరిధిలో పై అంచును చేరుకోవాలి. అంతకన్నా తక్కువగా తిరిగే ఇంజిన్ ఎప్పుడూ అధిక భారం మోస్తున్నట్టే లెక్క.

[తెర మీద: సగం నీటిలో, సగం గాలిలో తిరుగుతున్న ప్రొపెల్లర్, నెమ్మది చలనంలో]

ఈ ఆలోచనను చివరి దాకా తీసుకువెళితే ప్రొపెల్లర్ సగం నీటి బయటే తిరుగుతుంది. 1950 జూన్ 26న సియాటిల్‌లోని లేక్ వాషింగ్టన్ మీద స్టాన్లీ సేయర్స్ నడిపిన స్లో-మో-షన్ 4 అనే పడవ గంటకు 160.32 మైళ్లు, అంటే సుమారు 258 కిలోమీటర్లు సాధించింది. అప్పటి దాకా నిలిచిన మాల్కమ్ క్యాంప్‌బెల్ 1939 నాటి రికార్డు 141.74 మైళ్లు. టెడ్ జోన్స్ రూపొందించిన ఆ పడవ పూర్తి వేగంలో రెండు పక్కల పొడుచుకొచ్చిన స్పాన్సన్లనే భాగాల మీద, సగం మునిగిన ప్రొపెల్లర్ మీద మాత్రమే ఆనుకుని పరుగెత్తేది. షాఫ్ట్, దాని బ్రాకెట్లు నీటిలో లేకపోవడం వల్ల మిగిలిన శక్తి అంతా వేగంగా మారింది. తరువాతి కాలంలో హోవర్డ్ ఆర్నెసన్ రూపొందించిన సర్ఫేస్ డ్రైవ్ ఇదే సూత్రాన్ని పెద్ద పడవలకు అందించింది. పూర్తిగా మునిగిన ప్రొపెల్లర్‌ను వేధించే కేవిటేషన్, అంటే ఒత్తిడి తగ్గి రెక్క మీద ఆవిరి బుడగలు ఏర్పడడం, ఇక్కడ పెద్ద సమస్య కాదు, ఎందుకంటే రెక్క వెనుక ఏర్పడే ఖాళీని ఆవిరికి బదులు పైనుంచి వచ్చిన గాలి నింపుతుంది.

అయితే ఈ లాభానికి మూల్యం స్టీరింగ్ దగ్గర చెల్లించాలి. ప్రొపెల్లర్ ఉపరితలానికి చేరే కొద్దీ కింది రెక్కలకే గట్టి నీరు దొరుకుతుంది. వెనుక నుంచి చూస్తే కుడివైపుకు తిరిగే ప్రొపెల్లర్ అప్పుడు పడవ వెనుక భాగాన్ని కుడికి నెడుతుంది. రెండు ఇంజిన్లుంటే ఎదురెదురు దిశల్లో తిప్పి ఆ తోపును రద్దు చేయవచ్చు. ఒక్క డ్రైవ్ మీదే ఎదురెదురుగా తిరిగే రెండు ప్రొపెల్లర్ల పద్ధతిని వోల్వో పెంటా 1982లో డ్యుయోప్రాప్ పేరుతో తెచ్చింది. ఒక్క ప్రొపెల్లర్ పడవలో మాత్రం ఆ బలమంతా స్టీరింగ్ మీదే పడుతుంది. కేబుల్‌లో కొద్దిపాటి వదులు ఉన్నా, వీ ఆకారపు పడవ వేగంలో ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఊగడం మొదలుపెడుతుంది, నడిపేవారు సరిదిద్దబోయే కొద్దీ ఆ ఊపు పెరుగుతుంది. దీన్ని చైన్ వాక్ అంటారు, ఇక్కడ చైన్ (chine) అంటే పడవ అడుగు పక్క అంచు. హైడ్రాలిక్ స్టీరింగ్ వదులును తీసివేస్తుంది కనుకనే దాన్ని ముందు పెట్టమని చెప్పాను. ఊపు మొదలైతే థ్రాటిల్‌ను ఒక్కసారిగా వదిలేయకుండా మెల్లగా తగ్గించి, ట్రిమ్‌ను, అంటే డ్రైవ్ వాలు కోణాన్ని, లోపలికి తేవాలి. జాక్ ప్లేట్ మోటార్‌ను వెనక్కి జరిపినప్పుడు ట్రాన్సమ్ మీద భారం కూడా పెరుగుతుంది, అందువల్ల అక్కడి చెక్క కుళ్లలేదని, బోల్టులు కదలడం లేదని ముందే పరీక్షించుకోవాలి. కిల్ కార్డ్‌ను (నడిపేవారు పడిపోతే ఇంజిన్‌ను ఆపే తాడును) ఒంటికి తగిలించుకోకుండా పరీక్షకు బయలుదేరవద్దు.

[తెర మీద: నోట్‌బుక్‌లో ఎత్తు, పిచ్, చుట్లు, వేగం గళ్లు]

పరీక్ష విషయానికి వస్తే, ఒక్కసారి ఒక్క మార్పే చేయాలి. ఇంధనం, మనుషుల బరువు ప్రతిసారీ ఒకేలా ఉండాలి. గాలి, ప్రవాహం ఫలితాన్ని మార్చకుండా ఒకే దూరాన్ని రెండు దిశల్లోనూ పరుగెత్తించి సగటు తీయాలి. వేగం పెరిగినా నీటి ఒత్తిడి తగ్గితే ఆ ఎత్తును వదులుకోవాలి, వేగం పెరిగినా మలుపులో ప్రొపెల్లర్ జారితే ఆ ప్రొపెల్లర్‌ను వదులుకోవాలి. ఇద్దరితో పరుగెత్తడానికి సరిపోయిన పిచ్ ఆరుగురు ఎక్కినప్పుడు సరిపోదు. అలాంటి రోజుల కోసం రెండు అంగుళాలు తక్కువ పిచ్ ఉన్న ప్రొపెల్లర్‌ను, దాన్ని మార్చడానికి కావలసిన రెంచ్‌ను, థ్రస్ట్ వాషర్‌ను, అదనపు నట్‌ను పడవలోనే ఉంచుకోండి.