ఎల్క్ వేటకి ఒక తులం చాలు

నమస్తే అండీ. డెన్వర్‌లో ఉండే ఓ తమ్ముడు ప్రశ్న పంపాడు: "అన్నా, అక్టోబర్‌లో మొదటిసారి ఎల్క్ వేటకి వెళ్తున్నా. తోటివాళ్ళు .300 విన్ మాగ్ లేకపోతే దండగ అంటున్నారు. నా దగ్గర ఉన్నది 6.5 క్రీడ్‌మూర్. కొత్త రైఫిల్ కొనాలా?"

ఈ రెండూ రైఫిల్ తూటా రకాల పేర్లు, విన్ మాగ్ ఎక్కువ బలమైనది. ముందే చెప్తున్నా, ఇది కొలరాడోలో లైసెన్సు తీసుకుని చేసే వేట గురించి. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం. అక్కడ పండగకి వెళ్ళినప్పుడు ఈ వీడియో గుర్తు చేసుకోకండి.

ఎల్క్ అంటే మన నల్లమల కణుజుకి పెద్దన్న లాంటిది. మగది 300 కిలోలు దాటుతుంది. భుజం ఎముక గట్టిది, ఊపిరితిత్తులు దాని వెనకాల ఉంటాయి. సరిగ్గా తగలకపోతే అది లోయ దిగి, ఇంకో కొండెక్కి పోతుంది. చీకట్లో టార్చి పట్టుకుని నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ తిరగడం మన పని అవుతుంది. అంతకన్నా పాపం, ఆ జంతువు పడే బాధ.

తూటా వేరు, గుండు వేరు. తూటా అంటే ఇత్తడి గొట్టం, తుపాకి మందు, దాన్ని అంటించే ప్రైమర్, గుండు, అన్నీ కలిపి. జంతువుకి తగిలేది గుండు ఒక్కటే. దాని బరువు గ్రెయిన్లలో చెప్తారు. గ్రెయిన్ అంటే అసలు బార్లీ గింజ. మన కంసాలి గురిగింజలతో బంగారం తూచినట్టే. పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. 1906 నాటి .30-06 తూటాలో ఎల్క్‌కి ఎక్కువమంది వాడే గుండు ఎంతో తెలుసా? 180 గ్రెయిన్లు. ఒక్క తులం!

కొలరాడో చట్టం అడిగేది ఇంకా తక్కువ. ఎల్క్‌కి కనీసం 85 గ్రెయిన్ల గుండు, వంద గజాల దగ్గర 1,000 అడుగు-పౌండ్ల శక్తి, తగిలాక విచ్చుకునే రకం. అంటే తమ్ముడి క్రీడ్‌మూర్ చట్టం ప్రకారం సుబ్బరంగా పనికొస్తుంది.

అయితే బరువు కన్నా గుండు కట్టుబడి ముఖ్యం. 1946లో జాన్ నోస్లర్ అనే ఆయన కెనడాలో మూస్ అనే పెద్ద జింక మీద కాలిస్తే, ఒంటినిండా బురద గట్టిపడి ఉన్న దాని మీద గుండ్లు లోపలికి దిగకుండానే చితికిపోయాయి. ఆ కడుపుమంటతోనే ఆయన మధ్యలో అడ్డుగోడ ఉన్న పార్టిషన్ గుండు తయారు చేశాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం లోపలికి దూసుకుపోతుంది. ఇప్పుడు పూర్తి రాగి గుండ్లూ ఉన్నాయి. ఇవి పెద్దగా ముక్కలవ్వవు కాబట్టి ఒక మెట్టు తేలికవి తీసుకోవచ్చు; .30-06లో 180 బదులు 165 చాలు. పైగా మామూలు సీసం గుండ్లలాగా మాంసంలో సీసం రేణువులు ఉండవు. ఇంట్లో పిల్లలు తింటారు కదా, నేనైతే రాగికే ఓటేస్తాను.

ఇక .300 విన్ మాగ్. గొప్ప తూటా, కాదనను. కానీ కాల్చినప్పుడు భుజానికి తగిలే దాని తన్ను క్రీడ్‌మూర్ తన్నుకి రెట్టింపు దాకా ఉంటుంది. నాలుగు కాల్పులయ్యాక ట్రిగ్గర్ నొక్కకముందే భుజం బిగుసుకుంటుంది, కళ్ళు మూసుకుపోతాయి. నమ్మకపోతే రేంజిలో ఫ్రెండుని మీకు చూపించకుండా మధ్యమధ్యలో డమ్మీ తూటా పెట్టమనండి. పేలకపోయినా తుపాకీ గొట్టం కిందికి ఊగుతుంది చూడండి! నాకూ ఊగింది, అదీ పదిమంది చూస్తుండగా.

కాబట్టి తమ్ముడూ, క్రీడ్‌మూరే ఉంచుకో. 140 గ్రెయిన్ల దగ్గర్లో గట్టి గుండు తీసుకో. గురి పోటీలకి వాడే, పలచని తొడుగున్న టార్గెట్ గుండ్లు వద్దు. 300 గజాలు దాటితే కాల్చకు, నడిచి దగ్గరికెళ్ళు. పక్కకి తిరిగి నిలబడేదాకా ఆగు, ముంగాలి వెనక గురిపెట్టు. కొత్తది కొని తీరాలనుంటే .30-06 కొను, ఏ ఊరి దుకాణంలోనైనా తూటాలు దొరుకుతాయి. కొనకపోతే మిగిలే డబ్బుతో మూడు పెట్టెల తూటాలు ఎక్కువ కొని, బల్ల మీద కాకుండా మోకాలి మీద కూర్చుని కాల్చడం నేర్చుకో. చెవులకి మూతలు మర్చిపోకు. కొత్త రైఫిల్ బిల్లు ఇంట్లో బయటపడితే మాత్రం నా పేరు చెప్పకు.