ఈ సిలువ దాటితే విన్నమాటే

శ్రోతలకు నమస్కారం. 1612లో ఆక్స్‌ఫర్డ్‌లో, ఉత్తర అమెరికా తూర్పు తీరాన ఆంగ్లేయుల వలసప్రాంతమైన వర్జీనియా పటం ఒకటి అచ్చయింది. ఆంగ్ల అన్వేషకుడు జాన్ స్మిత్ తిరిగి చూసినదాని ఆధారంగా దాన్ని రాగి రేకు మీద చెక్కినవాడు విలియం హోల్. చూడగానే తికమకపడతాం. పైభాగాన పడమర ఉంటుంది, ఉత్తరం కుడిచేతి వైపుకు పోయింది. అట్లాంటిక్ దాటి వచ్చినవాడికి నేల అలాగే ఎదురవుతుంది మరి.

ఆ పటంలో నదుల పైభాగాన చిన్న చిన్న సిలువ గుర్తులున్నాయి. అక్కడిదాకా తాము చూసింది, ఆపైదంతా స్థానికులు చెప్పగా విన్నది. ఈ సంగతి పటంమీదే రాసిపెట్టారు. నా దృష్టిలో ఆ పటానికి అసలు విలువ ఈ గుర్తులదే.

స్మిత్ 1608 వేసవిలో రెండు విడతలుగా, కప్పులేని పడవలో వర్జీనియా తీరంలోని చెసపీక్ అఖాతమంతా తిరిగాడు. అప్పటి పద్ధతి ఇది: ఒడ్డున నీటిలోకి పొడుచుకొచ్చిన నేలకొమ్మునో నదీముఖాన్నో గురిచూసి దిక్సూచితో దిశ రాసుకోవాలి, పడవ వేగాన్నీ పట్టిన సమయాన్నీ బట్టి దూరం అంచనా కట్టాలి. ఆటుపోట్లు ఈ లెక్కను చెడగొడతాయి. నీరు కలిసొస్తే పడవ అనుకున్నదానికంటే ముందుకు పోతుంది, ఎదురైతే వెనకబడుతుంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కొలిచి అక్షాంశం సరిచూసుకోవచ్చు. రేఖాంశానికి ఆ వీలు లేదు. సముద్రం మీద నమ్మదగిన గడియారం రావడానికి ఇంకో 150 ఏళ్లు పట్టింది.

రేకు మీద అక్షరాలు తిరగేసి చెక్కాలి. తప్పు పడితే గీకి, వెనకనుంచి సుత్తితో కొట్టి, చదును చేసి మళ్లీ చెక్కాలి. స్మిత్ పటం రేకుకు తర్వాతి ముద్రణల్లో కొత్త పేర్లు చేరుతూ వచ్చాయి.

విన్నదానికీ చూసినదానికీ గీత లేకపోతే ఏమవుతుందో 1651 నాటి మరో వర్జీనియా పటం, జాన్ ఫెర్రర్‌ది, చెబుతుంది. అక్కడి జేమ్స్ నది మొదలు నుంచి పది రోజులు నడిస్తే పసిఫిక్ తీరమట! మధ్యలో ఖండమంతా మాయం.

వలస రైతుకు మాత్రం సముద్రంతో పనిలేదు, తన పొలం హద్దు తేలాలి. అందుకు 1620లో ఆంగ్ల గణితజ్ఞుడు ఎడ్మండ్ గుంటర్ వివరించిన కొలత గొలుసు పనికొచ్చింది. పొడవు 66 అడుగులు, లింకులు 100. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. అంటే ఒక సెంటు సరిగ్గా వెయ్యి చదరపు లింకులు. మన పొలాల్లోనూ ఇదే లెక్క. అడవిలో చెట్లకు చిక్కుకోకుండా సగం గొలుసు, 33 అడుగులది, వాడేవారు.

వాలు నేలమీద గొలుసును పరిచి కొలిస్తే పొలం లేనిపోని పొడవు చూపుతుంది. చిన్న చిన్న ముక్కలుగా మట్టంగా ఎత్తిపట్టి కొలవాలి. లింకులు అరిగి గొలుసు ఒక్క అంగుళం సాగినా, మైలుకు 80 గొలుసులు కాబట్టి 80 అంగుళాలు తేడా వస్తుంది.

దిక్సూచి బాధ ఇంకా పెద్దది. అయస్కాంత ఉత్తరం ఏళ్ల తరబడి కదులుతూ ఉంటుంది. పాత దస్తావేజులోని దిశను పట్టుకుని కొన్ని దశాబ్దాల తర్వాత కొలిస్తే, ఒక్క డిగ్రీ తేడాకే మైలు దూరంలో హద్దు సుమారు 92 అడుగులు పక్కకు పోతుంది. తగాదాలు రాకేం చేస్తాయి? అందుకే 1662లో వర్జీనియా చట్టం చేసింది: నాలుగేళ్లకోసారి ఇరుగుపొరుగు కలిసి హద్దుల వెంట నడిచి, హద్దు గుర్తులుగా చెట్లమీద పెట్టిన గాట్లు మళ్లీ తాజాగా నరకాలి.