ముల్లుం మలరుం (1978) రివ్యూ: రజినీని నటుడిగా చూడాలంటే ఈ సినిమా చూడండి

హాయ్ అండీ అందరికీ. ఇవాళ ముల్లుం మలరుం గురించి మాట్లాడుకుందాం, 1978లో వచ్చిన తమిళ సినిమా. రజినీ అంటే సిగరెట్ ఎగరేయడం, ఆ స్పీడు, ఆ నవ్వు మాత్రమే గుర్తొచ్చేవాళ్ళుంటే మీకోసమే ఈ వీడియో.

ఇది ఉమాచంద్రన్ రాసిన నవల నుంచి తీసిన సినిమా, ఆ నవలకి 1966లో తమిళ పత్రిక కల్కి సిల్వర్ జూబిలీ పోటీలో ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. మహేంద్రన్ గారికి డైరెక్టర్‌గా ఇదే మొదటి సినిమా, అంతకుముందు ఆయన రైటర్, శివాజీ గణేశన్ తంగపతక్కం కథ ఆయనదే. మామూలుగా రైటర్ డైరెక్టర్ అయితే డైలాగులు దంచేస్తాడు కదా, ఈయన దొరికిన చోటల్లా మాటలు కోసేశారు. నిర్మాతేమో అన్నాచెల్లెళ్ళ కథ కదా, పాశమలర్ లాగా వస్తుంది అనుకున్నారట, పాశమలర్ అంటే మన ఎన్టీఆర్, సావిత్రి గార్ల రక్తసంబంధానికి ఒరిజినల్ అన్నమాట, తీరా చూస్తే మాటలే లేవు, ఇక ఆయన గుండె ఆగినంత పనైంది. రజినీ హీరోగా వద్దన్నది కూడా ఆయనే, అప్పటికి రజినీకి విలన్ ముద్ర ఉంది. రజినీ అయితేనే చేస్తానని మహేంద్రన్ పట్టుబట్టారు కాబట్టి మనకి ఈ కాళి దొరికాడు.

కథకొస్తే కాళి, వళ్ళి, చిన్నప్పటి నుంచి ఒకరికొకరు తప్ప ఎవరూ లేని అన్నాచెల్లెళ్ళు. కాళి కొండల్లో పవర్ హౌస్ దగ్గర వించ్ ఆపరేటర్, అంటే ట్రాలీని కొండ పైకి లాగడం, కిందకి దింపడం. కోపం ముక్కు మీద ఉంటుంది, పొగరు దాని మీద ఉంటుంది, చెల్లెలంటే ప్రాణం. అక్కడికి కొత్త ఇంజినీర్ కుమరన్ వస్తాడు, మన శరత్‌బాబు గారు, శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ఆయనది. ఈయన రూలంటే రూలు మనిషి. కాళికి ఆయన మొహం చూస్తేనే మంట. గొడవ ముదిరి సస్పెండ్ చేస్తే కాళి తాగి రోడ్డు మీద పడిపోతాడు, లారీ చేతి మీద నుంచి వెళ్ళిపోతుంది.

ఇక్కడ నుంచి స్పాయిలర్స్ ఉంటాయి, సినిమా చూడనివాళ్ళు ఇక్కడే ఆపేసి చూసొచ్చేయండి.

ఆస్పత్రి నుంచి కాళి ఇంటికొచ్చే సీన్ ఒక్కటి చాలండీ ఈ సినిమాకి. వళ్ళికి చెయ్యి పోయిన సంగతి తెలీదు. అన్న వచ్చాడని పరిగెత్తుకొచ్చి వాటేసుకుంటుంది, అప్పుడు తెలుస్తుంది ఒక చెయ్యి లేదని. వేరే ఎవరైనా అయితే అక్కడ రెండు పేజీల డైలాగు, ఉరుములు, మెరుపులు పెట్టేవాళ్ళు. ఇక్కడ వళ్ళిగా చేసిన శోభ మొహం, రజినీ కళ్ళు, ఇళయరాజా మ్యూజిక్, అంతే. శోభకి అప్పుడు నిండా పదహారేళ్ళు కూడా లేవేమో అనిపిస్తుంది చూస్తే, కానీ ఆ కళ్ళతో ఆ అమ్మాయి ఎంత చెప్పేసిందో. ఆ తర్వాత రెండేళ్ళకే, 1980లో చనిపోయింది, అది గుర్తొస్తే ఇంకా బాధేస్తుంది.

కెమెరా బాలు మహేంద్ర, మన శంకరాభరణం కెమెరామెన్. మంచు, చెట్లు, తెల్లవారుజామున ఆ వెలుతురు, సెట్టింగ్ లాగా ఎక్కడా ఉండదు. పాటలైతే చెప్పక్కర్లేదు, రామన్ ఆండాలుం మన ఎస్పీ బాలు గారు పాడింది, కాళి పొగరంతా ఆ పాటలోనే వినిపిస్తుంది. జేసుదాస్ గారి సెందాళంపూవిల్ పాటకి నిర్మాత డబ్బులు పెట్టనంటే కమల్ హాసన్ ఇచ్చి షూట్ చేయించారని మహేంద్రన్ గారే చెప్పారు. ఇంకో హీరో సినిమాకి అండీ, అది కూడా తను లేని సినిమాకి.

ఫటాఫట్ జయలక్ష్మి మంగ వేషం వేసింది, తిండంటే పడి చచ్చే పిల్ల, కాళికి భార్య అవుతుంది. అంతులేని కథ చూసినవాళ్ళకి రజినీ, ఈవిడ ఇద్దరూ తెలిసే ఉంటారు. పాత్ర సరదాగా మొదలై చివరికి కాళిని ఎదిరించి నిలబడేది ఈ మంగే.

నాకు నచ్చనివి కూడా చెప్పాలి. కుమరన్, వళ్ళి మధ్య ప్రేమ ఎప్పుడు పుట్టిందో సరిగ్గా చూపించలేదు, ఓ పాటతో అయిపోయినట్టుంటుంది. కాళి వళ్ళికి చూసిన కిరాణా కొట్టు పెళ్ళికొడుకు మరీ తేలిపోయాడు, ఇంజినీరే నయం అని మనం అనుకోవాలని పెట్టినట్టు తెలిసిపోతుంది. ఆ పాత్రకి కాస్త బలం ఉంటే కాళి మొండితనం ఇంకా గట్టిగా తగిలేది.

కానీ క్లైమాక్స్ దగ్గర అన్నీ మాఫీ. మంగ, ఊరివాళ్ళు కలిసి వళ్ళిని కుమరన్ దగ్గరికి పెళ్ళికి తీసుకెళ్తుంటే కాళి దారిలో ఎదురొస్తాడు. ఒంటరిగా. వళ్ళి వెళ్తూ వెళ్తూ ఆగిపోయి వెనక్కి పరిగెత్తుకొచ్చి అన్నని పట్టుకుంటుంది. కాళికి కావాల్సింది ఆ ఒక్కటే, నా చెల్లెలు నన్నే ఎంచుకుంది చూశారా అని ఊరందరికీ వినపడేలా మురిసిపోతాడు. ఆ మురిపెంలోనే తనే చెల్లెల్ని తీసుకెళ్ళి ఇంజినీర్‌కి అప్పగిస్తాడు, అప్పగిస్తూ కూడా ఏమంటాడంటే, ఇప్పటికీ మీరంటే నాకు ఇష్టం లేదు సార్, నా చెల్లెలికి ఇష్టం అంతే అంటాడు. కాళ్ళ మీద పడడం, తప్పయిపోయింది బావా అనడం లేదు, అహం ఎక్కడికీ పోలేదు, దాని పక్కనే ప్రేమ కూడా అంతే ఉంది. మనిషి నిజంగా అలాగే ఉంటాడు కదండీ, అందుకే 1978 నాటి సినిమా అయినా పాతబడలేదు.

దీన్ని బాపు గారు 1985లో ప్యారీ బహనా అని మిథున్‌తో హిందీలో తీశారు, కానీ ముందు తమిళందే చూడండి, భాష రాకపోయినా ఫర్వాలేదు, సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే చాలు, మాటలు ఎలాగూ తక్కువే. నెక్స్ట్ వీడియోలో మహేంద్రన్ గారిదే ఉదిరిప్పూక్కళ్ గురించి మాట్లాడుకుందాం, 1979ది, వీలైతే ఈలోపు చూసేయండి.