కార్డు మీద 200 అని ఉంది, మరి రికార్డింగ్ ఎందుకు ఆగింది?

నమస్తే అండి. షూట్ మధ్యలో రికార్డింగ్ ఆగిపోతే మన విజయవాడలో ముందు వినపడే మాట, "కార్డు డూప్లికేట్ అన్నా." మెమరీ కార్డు మీద సెకనుకి 200 ఎంబీ అని ఉంది, కెమెరాకి అందులో సగం కూడా అక్కర్లేదు, అయినా ఆగిందంటే షాపువాడు మోసం చేశాడని తేల్చేస్తారు. ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. చాలాసార్లు ఆ కార్డు ఒరిజినలే. మనం చూడాల్సిన అంకె వేరే ఉంది.

[కార్డు క్లోజప్]

ఇదిగో, పెద్ద అక్షరాలతో 200. అది రీడ్ స్పీడు, కార్డులోంచి కంప్యూటర్‌లోకి వచ్చే వేగం. కెమెరాకి కావాల్సింది రైట్ స్పీడు. అదీ ఒక్క క్షణం కనిపించి పోయేది కాదు, రికార్డింగ్ నడిచినంతసేపూ నిలబడేది. ఈ మూల చిన్నగా వి30 అని ఉంది చూడండి. సెకనుకి 30 మెగాబైట్లకు తగ్గకుండా రాస్తానని కార్డు ఇచ్చే హామీ అది. వి60 అయితే 60, వి90 అయితే 90.

ఇప్పుడు వెనక్కి తిప్పండి. పిన్నులు ఒకటే వరుస. అంటే యూహెచ్‌ఎస్-1, కార్డులోకి, బయటికి డేటా నడిచే దారి రకం అది, దాని గరిష్ఠ వేగమే సెకనుకి 104 మెగాబైట్లు. మరి 200 ఎక్కడిది? దానికి సరిపడే ప్రత్యేకమైన రీడర్‌లో పెడితే వస్తుంది, కెమెరాలో రాదు. రెండు వరుసల పిన్నులుంటే యూహెచ్‌ఎస్-2. కొనేముందు ఈ వెనక వైపు చూడండి, పది సెకన్ల పని.

సరే, ఆగడం ఎందుకు? ప్రకాశం బ్యారేజీ తీసుకుందాం. పైనుంచి నీరు వస్తుంది, బ్యారేజీ వెనక నిలుస్తుంది, బందరు కాలువలోకి పోతుంది. పైనుంచి వచ్చేది సెన్సార్ డేటా. నిలిచే చోటు కెమెరాలోని బఫర్, అంటే తాత్కాలిక మెమరీ. కాలువే మీ కార్డు. కాలువ మోయగలిగినదానికన్నా ఎక్కువ వస్తుంటే బఫర్ కాసేపు ఓర్చుకుంటుంది, ఆ తర్వాత నిండిపోతుంది. బ్యారేజీకి 70 గేట్లున్నాయి, ఎత్తి సముద్రానికి వదిలేస్తారు. కెమెరాలో గేట్లు ఎత్తడమంటే ఫ్రేములు వదిలేయడం. బ్లాక్‌మ్యాజిక్ కంపెనీ కెమెరాల్లో ఫ్రేములు పోతే హెచ్చరించి ఊరుకోవాలా, రికార్డింగ్ ఆపేయాలా అని సెట్టింగ్ ఉంటుంది. సినిమా షూట్‌లో ఆపేయమనండి, ఇంకో టేక్ తీసుకోవచ్చు. పెళ్లిలో మాత్రం హెచ్చరికే పెట్టండి. జీలకర్ర బెల్లం దగ్గర ఒక ఫ్రేము పోయినా ఫర్వాలేదు, రికార్డింగే ఆగితే ఎవరికి చెప్పుకుంటాం?

ఎంత నీరు వస్తోందో చూద్దాం. అదే కంపెనీ పాకెట్ 4కే కెమెరాలో డీసీఐ 4కే (సినిమా సైజు 4కే), సెకనుకి 30 ఫ్రేములు పెడితే, వాళ్ల సొంత రికార్డింగ్ ఫార్మాట్ బ్లాక్‌మ్యాజిక్ రా 3:1కి, అంటే డేటాని సుమారు మూడో వంతుకి కుదిస్తే, సెకనుకి సుమారు 135 మెగాబైట్లు. 5:1కి 81. 8:1కి 51. బాగా కుదించిన 12:1కి కూడా 34. అంటే వి30 హామీ ఇందులో దేనికీ చాలదు! కెమెరా స్పెక్‌లో 400 ఎంబీపీఎస్ అని ఉంటే మాత్రం అవి బిట్లు, 8తో భాగించండి, 50 మెగాబైట్లు. చాలామంది ఇక్కడా తడబడి అనవసరంగా ఖరీదైన కార్డు కొంటున్నారు.

క్యూ0 లాంటి కాన్‌స్టంట్ క్వాలిటీ మోడ్‌లో, అంటే డేటా ఎంతైనా నాణ్యత తగ్గనివ్వని సెట్టింగ్‌లో అయితే ఇన్‌ఫ్లో ఒకేలా ఉండదు. ఖాళీ గోడ ముందు ఇంటర్వ్యూ అంటే తక్కువ డేటా. అదే కార్డుతో గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లి కాయల గుట్టని ఫ్రేము నిండా పెట్టండి. ప్రతి కాయకీ అంచు, ముడత, మెరుపు, తొడిమ, అన్నీ వివరాలే. కెమెరా దేన్నీ వదులుకోదు కాబట్టి వరద ఒక్కసారి పెరుగుతుంది. పొద్దున బాగా పనిచేసిన కార్డు మధ్యాహ్నం చెడిపోయిందని అక్కడే అనుకుంటారు. చెడిపోలేదండీ, కాలువ చాల్లేదు.

అదే కాలువలో గుర్రపుడెక్క పెరిగితే? స్థలం కోసం ఒక్కో క్లిప్పూ డిలీట్ చేస్తూ వాడుకుంటే కార్డులో ఖాళీ ముక్కలుముక్కలై రాయడం మందగించవచ్చు. షూట్ ముందు కెమెరాలోనే ఫార్మాట్ చేయండి, శుభ్రమైపోతుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. 5:1లో 256 జీబీ కార్డు 50 నిమిషాలు దాటి కొంచెం వస్తుంది, అంతే. కార్డు బదులు కేబుల్‌తో తగిలించే ఎస్‌ఎస్‌డీ డ్రైవు వాడితే ఒకే సైజులో చవక, కానీ మే నెల ఎండలో వేడెక్కితే అదీ వేగం తగ్గిస్తుంది, నీడ పెట్టండి. కేబుల్‌కి క్లాంప్ తప్పనిసరి, కాస్త కదిలినా రికార్డింగ్ పోతుంది.

కాపీ చేసేటప్పుడు క్లిప్పులు ఏరుకోవద్దు, కార్డు మొత్తం ఫోల్డర్లతో సహా తీయండి. లాగి వదిలేయడం కాదు, డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో క్లోన్ టూల్ ఉంది, కాపీ అయింది సరిగ్గా ఉందో లేదో చెక్‌సమ్‌తో, అంటే ఫైలు డేటా నుంచి లెక్కగట్టిన అంకెతో సరిచూస్తుంది. రెండు వేర్వేరు డ్రైవుల్లోకి తీయండి. రెండూ సరిచూసేదాకా ఆ కార్డు మీద ఎర్ర టేప్ వేసి ఉంచండి, దాన్ని ఎవరూ కెమెరాలో పెట్టకూడదు.