పైన ఇంకో అంతస్తు: టర్న్‌కీ కంపెనీకి ఇవ్వాలా, ఆర్కిటెక్ట్‌ని పెట్టుకోవాలా?

నమస్తే అండి. ఉన్న ఇంటి మీద ఇంకో అంతస్తు వేయాలనుకునేవాళ్ల కోసం ఈ వీడియో. ఎస్‌ఎఫ్‌టీకి, అంటే చదరపు అడుగుకి ఇంత అని మొత్తం పని ఒప్పుకునే టర్న్‌కీ కంపెనీకి అప్పగించాలా, లేక ఆర్కిటెక్ట్‌తో డ్రాయింగులు వేయించి మేస్త్రీతో కట్టించుకోవాలా? రెండింటినీ ఒకే ఇంటి మీద పెట్టి చూద్దాం. హైదరాబాద్‌లో 200 గజాల ప్లాటు, పాతికేళ్ల కిందట కట్టిన గ్రౌండ్ ఫ్లోర్, 9 ఇంటూ 9 అంగుళాల పిల్లర్లు, పైన 1000 ఎస్‌ఎఫ్‌టీ వేయాలి.

మా తీర్పు ముందే చెప్పేస్తున్నాం. ఇలాంటి ఇంటికి డ్రాయింగులూ లెక్కలూ ఒకరి చేతిలో, కట్టడం ఇంకొకరి చేతిలో ఉండాలి. కట్టేది కంపెనీ అయినా ఫర్వాలేదు, మేస్త్రీ అయినా ఫర్వాలేదు. ఏ ఇంటికి ఈ మాట వర్తించదో కూడా చెప్తాం.

ముందు బరువు సంగతి. 1000 ఎస్‌ఎఫ్‌టీ అంటే 93 చదరపు మీటర్లు. 5 అంగుళాల స్లాబ్ ఒక్కటే చదరపు మీటరుకి 310 కిలోల పైన, అంటే స్లాబుకే 29 టన్నులు. 10 అడుగుల ఎత్తున 9 అంగుళాల ఇటుక గోడ మీటరు పొడవుకి దాదాపు 1.4 టన్నులు. దూలాలు, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్ కలుపుకుంటే పాత ఇంటి నెత్తిన సుమారు 100 టన్నులు కొత్తగా పెడుతున్నారు.

ఇప్పుడు హాలు మధ్యలో ఉన్న ఒక్క పిల్లర్‌ని తీసుకోండి. చుట్టూ 12 చదరపు మీటర్లు మోస్తోంది అనుకుందాం. ఈ రోజు దాని మీద ఉన్న బరువు 9, 10 టన్నులు. పైన అంతస్తు వేశాక, మనుషులూ సామానూ కలిపి, 25 టన్నులు. 9 ఇంటూ 9 పిల్లర్, లోపల నాలుగు 12 ఎంఎం రాడ్లు, ఎం 15 రకం (తక్కువ బలం ఉన్న గ్రేడు) కాంక్రీట్ అయితే, అన్నీ పక్కాగా ఉన్నప్పుడు 30 టన్నుల దాకా లెక్క వస్తుంది. పాతికేళ్ల కిందట చేత్తో కలిపిన కాంక్రీట్, రాడ్ల చుట్టూ కట్టే రింగులకు తుప్పు, కొంచెం వాలిన పిల్లర్, వీటిలో ఏది ఉన్నా ఆ 30 మిగలదు. కాగితం మీద నిలబడుతుంది కానీ చాలా దగ్గరి లెక్క ఇది.

కిందికి వెళ్దాం. ఫుటింగ్, అంటే పిల్లర్ కింద నేలలో ఉండే దిమ్మె, 4 అడుగుల చదరం అనుకుంటే ఆ 25 టన్నులు నేల మీద చదరపు మీటరుకి దాదాపు 17 టన్నులుగా పడతాయి. గట్టి మొరం అయితే మోస్తుంది. నల్లరేగడి అయితే మోయదు. కుంగుతుంది, అదీ అన్ని పిల్లర్ల కిందా ఒకేలా కుంగదు. గోడల్లో ఏటవాలు పగుళ్లు వచ్చేది అందుకే.

అందుకని ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న కంటే ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి, ఆయన ఫీజు మీరే ఇవ్వండి. ఒక మూల పిల్లర్ పక్కన, ఇంకో చోట బరువు ఎక్కువ పడే పిల్లర్ పక్కన ఫుటింగ్ అడుగు దాకా గుంట తవ్వించి సైజు, లోతు, మట్టి చూడాలి. కాంక్రీట్ గట్టిదనం తెలుసుకోవడానికి పిల్లర్లకు రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు చేయించాలి. రీబార్ స్కానర్‌తో లోపల ఎన్ని రాడ్లున్నాయో, రింగులు ఎంత ఎడంలో ఉన్నాయో తెలుస్తుంది. హ్యామర్ ఒక్కటే కొట్టి ‘బాగుంది సార్’ అంటే ఒప్పుకోకండి. అది పైపొర గట్టిదనమే చెప్తుంది. పాత కాంక్రీట్ పైపొర కార్బొనేషన్ వల్ల, అంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల గట్టిపడి, రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అనుమానం ఉంటే కోర్, అంటే లోపలి కాంక్రీట్ ముక్క కోసి తీయించి పరీక్షించాల్సిందే. అసలు పిల్లర్లే లేని, గోడల మీద నిలబడ్డ ఇల్లయితే లెక్క మొత్తం వేరు, మళ్లీ మొదటి నుంచి.

ఇంకోటి. డాబా మీద ‘రేపు పనికొస్తాయి’ అని వదిలేసిన పిల్లర్ రాడ్లు. కొత్త రాడ్‌ని పాతదానితో కలపడానికి అతుకు పొడవు రాడ్ మందానికి సుమారు 50 రెట్లు కావాలి: 12 ఎంఎం రాడ్‌కి 600 మిల్లీమీటర్లు, 16 ఎంఎంకి 800. డాబా మీద సాధారణంగా కనిపించేది అడుగున్నర ముక్క, అదీ వాన నీళ్లు నిలిచే మొదట్లో సన్నబడి ఉంటుంది. వైర్ బ్రష్‌తో గీకి, మందం కొలవాలి. పనికిరాకపోతే డ్రిల్ చేసి కెమికల్ యాంకర్‌తో (రాడ్‌ని కాంక్రీట్‌కి అతికించే రసాయనం) కొత్త రాడ్ దింపాలి. రంధ్రంలోని దుమ్ముని బ్లోయర్‌తో ఊది, బ్రష్ వేసి, మళ్లీ ఊదకపోతే ఆ కెమికల్ కాంక్రీట్‌ని పట్టుకోదు, దుమ్ముని పట్టుకుంటుంది. సైట్లలో ఎక్కువగా ఎగ్గొట్టే పని ఇదే.

పిల్లర్ చాలకపోతే జాకెటింగ్, అంటే చుట్టూ కొత్త కాంక్రీట్ తొడుగు. భారతీయ ప్రమాణం ఐఎస్ 15988 ప్రకారం కనీసం 100 మిల్లీమీటర్ల మందం చుట్టూ పోయాలి. 9 అంగుళాల పిల్లర్ 17 అంగుళాలవుతుంది. హాల్లో అది ఎలా కనిపిస్తుందో ముందే ఊహించుకోండి.

సరే, టర్న్‌కీ కంపెనీ దగ్గరికి వద్దాం. వీళ్ల బలం ఒక్కటే, కానీ పెద్దది: పని ఆగదు. మేస్త్రీ ముఠా సంక్రాంతికి ఊరెళ్లి రాకపోయినా ఇంకో ముఠాని తెస్తారు. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, టైల్స్ వేసేవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చేలా చూసుకోవడం వాళ్ల నెత్తిన ఉంటుంది. మీరు డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉండి, ఇక్కడ అమ్మానాన్నలు మాత్రమే ఉంటే సిమెంటు బస్తాలు లెక్కపెట్టే పని వాళ్ల మీద పెట్టకూడదు. అక్కడ కంపెనీయే మేలు.

చిక్కు ఎక్కడంటే, వాళ్ల ప్యాకేజీ ఖాళీ స్థలం మీద కొత్త ఇల్లు కట్టడానికి తయారైంది. పైఅంతస్తు పనిలో వచ్చే ఖర్చులు అందులో సాధారణంగా కనిపించవు. పారాపెట్ గోడ కొట్టడం, డాబా మీద ఎండావానలకు అడ్డంగా వేసిన పాత పొర (వెదరింగ్ కోర్స్) పెళ్లగించడం, ట్యాంకు దించి మళ్లీ ఎక్కించడం, చెత్త తోలించడం, ఇందాక చెప్పిన కెమికల్ యాంకర్లు, కింద కాపురం ఉండగా వాన పడితే స్లాబ్ కారకుండా చూడటం, పాత డ్రైనేజీ పైపుకి కొత్త బాత్రూముల లైను కలపడం, కరెంటు లోడు పెంచడం. ఒక్కోటి చిన్నదే. అన్నీ ‘ఎక్స్‌ట్రా వర్క్’ కింద వస్తాయి, పని మధ్యలో వస్తాయి, అప్పుడు బేరమాడే బలం మీకు ఉండదు.

తర్వాత కొలత. ఎస్‌ఎఫ్‌టీకి 2000 అన్నారనుకుందాం, 1000 ఎస్‌ఎఫ్‌టీ, 20 లక్షలు అని మీ లెక్క. వాళ్లు కొలిచేది స్లాబ్ ఏరియా. బాల్కనీ, మెట్ల పైన హెడ్‌రూమ్, బయటికి వచ్చిన భాగాలు కలిపి 1180 అయిందంటే 23 లక్షల 60 వేలు. దాని మీద 18 శాతం జీఎస్టీ, 4 లక్షల 25 వేలు. మొత్తం 27 లక్షల 85 వేలు. మోసం కాదు ఇది, ఒప్పందంలో రాసే ఉంటుంది. మీరు చదవలేదు, అంతే. బాల్కనీ పూర్తిగా కొలుస్తారా, సగమా, సన్‌షేడ్ కొలుస్తారా అని ప్లాన్ మీద గీసి సంతకం పెట్టించుకోండి.

జీఎస్టీలో ఒక తేడా ఉంది. సొంతానికి కట్టుకునే ఒక్క ఇంటి కొత్త నిర్మాణానికి మెటీరియల్ మీరు కొని, కేవలం లేబర్ కాంట్రాక్టు ఇస్తే ఆ లేబర్ మీద జీఎస్టీ మినహాయింపు ఉంది. రిపేరు పనులకు వర్తించదు. సిమెంటు మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. పాత కొటేషన్ చేతిలో ఉంటే మళ్లీ అడగండి.

చెల్లింపుల షెడ్యూల్ కూడా చూడండి. అడ్వాన్స్, పునాది, ప్లింత్ (నేల మట్టం పైన ఇంటి పీఠం), స్లాబ్ అని వాయిదాలు ఉంటాయి. మీకు పునాదీ లేదు, ప్లింతూ లేదు. ఆ వాయిదాలను పిల్లర్ల మీదా స్లాబ్ మీదా సర్దేస్తే, స్లాబ్ పడేనాటికి మీ చేతి నుంచి 65, 70 శాతం వెళ్లిపోతుంది, జరిగిన పని విలువ సుమారు సగం. ఆ తర్వాత ఫినిషింగ్ ఎందుకు నత్తనడక నడుస్తుందో వేరే చెప్పక్కర్లేదు. స్లాబ్ అయ్యేసరికి 50 శాతం దాటకూడదు, చివరి 5 శాతం ఒక వానాకాలం గడిచాక ఇస్తామని రాయించండి.

ఇప్పుడు ఆర్కిటెక్ట్. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయినవాళ్లే ఆ పేరు పెట్టుకోవాలి. కానీ ఆ పేరు వాడకుండా అదే పని చేయడాన్ని చట్టం ఆపదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ‘డిజైనర్’, ‘ప్లానర్’ అన్న బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. కంపెనీలో ‘మా ఆర్కిటెక్ట్ టీమ్’ అంటే పేరూ, సీఏ అక్షరాలతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరూ అడిగి కౌన్సిల్ సైట్‌లో చూడండి.

ఇక్కడ ముగ్గురిని కలిపేస్తుంటారు. మున్సిపాలిటీలో ప్లాన్ పెట్టే ఎల్‌టీపీ వేరు, ఆర్కిటెక్ట్ వేరు, స్ట్రక్చరల్ ఇంజనీర్ వేరు. అప్రూవల్ ప్లాన్ పట్టుకుని ఇల్లు కట్టలేరు. అందులో రాడ్ సైజు ఉండదు, స్విచ్ ఎక్కడో ఉండదు. ఆర్కిటెక్ట్ ఇవ్వాల్సింది వర్కింగ్ డ్రాయింగులు, స్ట్రక్చరల్ ఇంజనీర్ ఇవ్వాల్సింది రాడ్ల వివరాలతో సహా స్ట్రక్చరల్ డ్రాయింగులు, ఇద్దరి నుంచి కలిపి బీవోక్యూ, అంటే ఏ పని ఎంత పరిమాణమో రాసిన పట్టిక. ఫీజు మాట్లాడేటప్పుడు స్ట్రక్చరల్ ఫీజు అందులో ఉందా, సైట్‌కి ఎన్నిసార్లు వస్తారు అన్నవి అడగండి. చాలా ఒప్పందాల్లో ఈ రెండూ ఉండవు. త్రీడీ ఎలివేషన్ చూసి మురిసిపోయి సంతకం పెడతారు, స్లాబ్ రోజు ఫోన్ చేస్తే ‘సైట్ విజిట్ విడిగా’ అంటారు.

ఆర్కిటెక్ట్ దారిలో చెడేది ఇంకో రకంగా చెడుతుంది. డ్రాయింగ్ ఆలస్యంగా వస్తుంది, మేస్త్రీ ఆగడు, తన అలవాటు ప్రకారం కట్టేస్తాడు. తర్వాత తప్పు నీదంటే నీదని ఇద్దరూ అంటారు, మధ్యలో మీరు. అందుకే డ్రాయింగులన్నీ చేతికొచ్చాకే పని మొదలుపెట్టాలి. సెంట్రింగ్ (కాంక్రీట్ పోసే అచ్చు) మీద రాడ్లు కట్టాక, కాంక్రీట్ పోసే ముందు ఇంజనీర్ వచ్చి చూసి రాతపూర్వకంగా ఓకే ఇవ్వాలి. వాట్సాప్ ఫొటోకి బొటనవేలు గుర్తు పెడితే సరిపోదు.

మరి మేం ఏం చేయమంటాం? ఆర్కిటెక్ట్, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ల చేత డ్రాయింగులు, బీవోక్యూ చేయించి, దాన్నే రెండు మూడు కంపెనీలకీ ఒక మంచి మేస్త్రీకీ ఇచ్చి రేట్లు అడగండి. అప్పుడు అందరూ ఒకే పనికి ధర చెప్తారు. బిల్లు వచ్చినప్పుడు జరిగిన పని కొలిచి సరే అనేది మీరు డబ్బిచ్చిన ఇంజనీర్ అవుతారు, కంపెనీ జీతమిచ్చే సైట్ ఇంజనీర్ కాదు. ‘ఈ పిల్లర్ మోయదు’ అని కంపెనీ ఇంజనీర్ చెప్తే ఆయన కంపెనీకి 25 లక్షల పని పోతుంది. ఆ మాట ఆయన నోట రావడం కష్టం.

నేరుగా కంపెనీకి ఇచ్చేయదగ్గ ఇల్లు కూడా ఉంది: పదేళ్లలోపు కట్టింది, మొదట్లోనే పై అంతస్తుకి డిజైన్ చేసిన స్ట్రక్చరల్ డ్రాయింగులు మీ దగ్గర ఉన్నాయి, కింద గుంట తీసి చూస్తే ఫుటింగ్ డ్రాయింగులో ఉన్నట్టే ఉంది. అలాంటి చోట రెండు ఫీజులు పెట్టుకోనక్కర్లేదు.

సైట్ మీద ఎవరున్నా మారని లెక్కలు కొన్ని. పునాది లేదు కాబట్టి స్టీలు ఎస్‌ఎఫ్‌టీకి సుమారు 3 నుంచి 3.5 కిలోలు, సిమెంటు 400 బస్తాల లోపు. స్లాబూ దూలాలూ కలిపి 16 నుంచి 30 క్యూబిక్ మీటర్లయితే ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం మూడు శాంపిళ్లు, అంటే బలం పరీక్షించడానికి 9 కాంక్రీట్ క్యూబులు. 4.5 మీటర్ల లోపు స్పాన్ (ఆనుకునే చోట్ల మధ్య దూరం) ఉన్న స్లాబుకి సపోర్టులు కనీసం 7 రోజులు ఉంచాలి, దాటితే 14. 6 మీటర్ల లోపు దూలానికి 14, దాటితే 21. ఫ్లైయాష్ లాంటివి కలిసిన పీపీసీ సిమెంటు వాడితే కనీసం 10 రోజులు క్యూరింగ్, అంటే తడి ఆరకుండా చూడటం. గోడలకి ఎర్ర ఇటుక బదులు ఏఏసీ బ్లాకులు (లోపల గాలి గదులున్న తేలికపాటి బ్లాకులు) పెడితే గోడ బరువు సగానికంటే తగ్గుతుంది. పాత ఇంటికి ఇంత చవకైన సాయం ఇంకోటి లేదు. కాకపోతే బరువైన అల్మారాలకు మామూలు ప్లగ్ పట్టదు, బ్లాక్ యాంకర్లు వాడాలి.

అనుమతి సంగతి త్వరగా చెప్తాం. తెలంగాణలో 2020 నాటి బీపాస్ చట్టం కింద 500 చదరపు మీటర్ల లోపు ప్లాటు, 10 మీటర్ల లోపు ఎత్తు అయితే సెల్ఫ్ సర్టిఫికేషన్‌తో అనుమతి వస్తుంది. సులభంగా వచ్చింది కదా అని ధీమా వద్దు. ఇచ్చిన వివరాలు తప్పయితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం అదే చట్టంలో ఉంది. ఎత్తు పెరిగితే హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ (సెట్‌బ్యాక్) కూడా పెరగొచ్చు, కింద గోడ ఇప్పటికే హద్దు మీద ఉంటే ముందు అది తేల్చుకోవాలి. ఆంధ్రలో 2017 బిల్డింగ్ రూల్స్ చూసుకోండి. ఎవరి పేరున దరఖాస్తు పెట్టినా బాధ్యత యజమానిది.

గొడవ వస్తే? మీ స్థలంలో మీకోసం కట్టించుకునే ఇంటికి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) వర్తించదు, అక్కడ అమ్మకం లేదు కాబట్టి. వెళ్లాల్సింది వినియోగదారుల కమిషన్‌కి. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు జిల్లా కమిషన్ చూస్తుంది. అక్కడ అడిగేది కాగితాలు. అందుకే ఒప్పందానికి డ్రాయింగులు, బీవోక్యూ, మెటీరియల్ బ్రాండ్ల జాబితా జతచేసి ప్రతి పేజీ మీద ఇద్దరూ సంతకం పెట్టండి. బ్రాండ్ పక్కన ‘లేదా సమానమైనది’ అని ఉంటే కొట్టేయించండి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి, ఏ వాయిదా ఏ పనికో రిఫరెన్స్‌లో రాయండి.